రంగు మారితే జాతి మారినట్టేనా?

ఎర్రటి పుంజుల వంశంలో పసుపుపచ్చ పిల్ల పుడితే అది కొత్త జాతా? చూడ్డానికి ఒకేలా ఉండే రెండు పక్షులు ఒకటే జాతా? ఫెజెంట్ పక్షుల్ని సరదాగా పెంచుకునేవాళ్లకు రోజూ ఎదురయ్యే చిక్కుముడి ఇది. ఒక్కోసారి ఓ జాతి బతికి బట్టకట్టడం కూడా దీని మీదే ఆధారపడుతుంది. ఆ ముడి విప్పే శాస్త్రం ఎక్కడో లేదు... మన ఉప్పల్ రోడ్డు మీదే ఉంది!

ఉప్పల్ అంటే క్రికెట్ స్టేడియం గుర్తొస్తుంది. నాచారం అంటే పారిశ్రామికవాడ, రామకృష్ణా స్టూడియో గుర్తొస్తాయి. కానీ ఆ కాలనీల్లో ఓసారి తలెత్తి మేడల మీదకు చూడండి. నీళ్ల ట్యాంకు పక్కన పావురాల గూడు, బట్టలారేసే తీగ కింద జాలీ పంజరం, అందులో కిచకిచలాడే బడ్జీలు... హైదరాబాదీలు ముద్దుగా 'లవ్ బర్డ్స్' అని పిలుచుకునేవి. ఈ సరదా ముదిరినవాళ్ల చూపు ఎప్పుడో ఒకప్పుడు ఫెజెంట్ల మీదకు మళ్లుతుంది. అప్పుడు బేరం సుమారుగా ఇలా సాగుతుంది.

'ఇదేంటన్నా, ఒంటినిండా పసుపు రాసుకున్నట్టుంది?'

'అది మామూలు గోల్డెన్ కాదన్నా... ఎల్లో గోల్డెన్. జాతే వేరు. అందుకే రేటూ వేరు.'

'మరి పక్క గూట్లో ఉన్న తెల్ల జత?'

'అవి సిల్వర్. రెండూ ఒకటే జాతి, కళ్లు మూసుకుని జత కట్టొచ్చు.'

అమ్మేవాడు అబద్ధమాడాలనుకోలేదు. అయినా రెండు మాటలూ తప్పు కావచ్చు. పసుపు పక్షి వేరే జాతి కాదు, ఎర్ర గోల్డెన్‌కి స్వయానా తోబుట్టువు. ఒకేలా కనిపిస్తున్న సిల్వర్ జత మాత్రం వందల మైళ్ల దూరంలో, వేర్వేరు కొండల మీద వేల ఏళ్లపాటు విడివిడిగా పెరిగిన రెండు వంశాలది కావచ్చు. కన్ను చెప్పేది ఒకటి, రక్తం చెప్పేది మరొకటి!

మన కోడికి దాయాది

ఫెజెంట్ అనగానే ఏదో విదేశీ వింత అనుకుంటాం. నిజానికి మన పెరట్లో తిరిగే నాటుకోడి, జాతీయ పక్షి నెమలి, కౌజుపిట్ట... అన్నీ ఆ కుటుంబానివే. శాస్త్రవేత్తలు దాన్ని ఫాసియానిడే అంటారు. ఈ కుటుంబంలో చాలావాటికి పోలికలూ ఒకటే. పుంజుకి మెరిసే రంగులు, పొడవాటి తోక, ఆడవాళ్ల ముందు హొయలు. పెట్టకేమో ఎండుటాకులో కలిసిపోయే గోధుమరంగు. గుడ్లమీద కదలకుండా కూర్చోవాల్సింది ఆమే కదా, శత్రువు కంట పడకూడదు మరి.

పెంపకందార్లు ఎక్కువగా ఇష్టపడేది గోల్డెన్ ఫెజెంట్‌ని. సొంతూరు మధ్య చైనా కొండల్లోని అడవులు. తలమీద బంగారు జుట్టు, ఎర్రటి పొట్ట, మెడచుట్టూ నల్లచారల నారింజ విసనకర్ర. తోకతో కలిపి పుంజు మీటరు దాకా ఉంటే అందులో సగానికి మించి తోకే. దాని దగ్గరి చుట్టం లేడీ ఆమ్‌హర్స్ట్ ఫెజెంట్. నైరుతి చైనా, ఉత్తర మయన్మార్ దాని నివాసం. ఆ పేరు వెనక ఉన్నది కలకత్తాలో కాపురమున్న దొరసాని. 1823 నుంచి 1828 దాకా గవర్నర్ జనరల్‌గా చేసిన ఆమ్‌హర్స్ట్ ప్రభువు భార్య సారా, ఈ పక్షిని 1828లో లండన్‌కి పంపించింది. అలా ఆమె పేరే దానికి స్థిరపడిపోయింది. ఇక పాలరాతి మీద నల్ల పెన్సిల్‌తో సన్నగా గీతలు గీసినట్టుండేది సిల్వర్ ఫెజెంట్.

నేల దిద్దిన రంగు

ఉపజాతి అంటే ఏంటి? తేలిగ్గా చెప్పాలంటే అది నేల దిద్దిన తేడా. గోదావరి జిల్లాల యాస వేరు, తెలంగాణ యాస వేరు, రాయలసీమ యాస వేరు. అన్నీ తెలుగే. కానీ ఏ యాసా ఒక్కరోజులో పుట్టలేదు, ఏ ఒక్కరూ పుట్టించలేదు. పక్షుల్లోనూ అంతే. ఒకే జాతి పక్షులు కొండలూ నదులూ అడ్డుపడి తరాల తరబడి విడిపోతే, అక్కడి చలికీ తిండికీ అడవికీ తగ్గట్టు కొద్దికొద్దిగా మారతాయి. ఒంటి కొలత, తోక పొడవు, ఈకల చారలు... ఒకటి కాదు, ఎన్నో లక్షణాలు కలిసికట్టుగా మారతాయి. రెండు గుంపులూ కలిస్తే ఇప్పటికీ పిల్లలు పుడతాయి. అందుకే అవి వేరే జాతులు కావు, ఉపజాతులు.

సిల్వర్ ఫెజెంట్‌నే చూడండి. చైనా నుంచి ఆగ్నేయాసియా దాకా దాదాపు 15 ఉపజాతులున్నాయి. ఉత్తరాన ఉండేవి పెద్దవి, తెల్లటివి, తోక పొడవు. దక్షిణాన కంబోడియా కొండలకు వెళ్లేసరికి ఒళ్లు చిన్నదై, నల్లచారలు ముదిరి, 'సిల్వర్' అన్న పేరే నప్పదనిపిస్తుంది. హిమాలయాల్లో ఉండే మన కాలిజ్ ఫెజెంట్ దీనికి దగ్గరి బంధువు. దానికీ తొమ్మిది ఉపజాతులున్నాయి. మయన్మార్ వైపు ఈ రెండు కుటుంబాలూ ఎంతగా కలగలిసిపోయాయంటే, కొన్ని గుంపుల్ని కాలిజ్‌లో చేర్చాలా సిల్వర్‌లో చేర్చాలా అని పండితులే ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఇక మెడలో తెల్లటి పట్టీ ఉండే రింగ్‌నెక్ ఫెజెంట్‌కి దాదాపు 30 ఉపజాతులు. కాకసస్ పర్వతాల నుంచి పసిఫిక్ తీరం దాకా పరచుకున్నాయి. వాటిలో కొన్నిటికి ఆ పట్టీయే ఉండదు!

అక్షరం తప్పితే...

మ్యుటేషన్ కథ వేరు. ఇది నేల రాసింది కాదు, రాతలో దొర్లిన తప్పు. డీఎన్ఏ అనే పెద్ద పుస్తకాన్ని తల్లీతండ్రీ పిల్లలకు నకలు రాసి ఇచ్చేటప్పుడు ఎక్కడో ఓ అక్షరం తారుమారవుతుంది. అది రంగుకి సంబంధించిన చోట జరిగితే పిల్ల కొత్త రంగులో పుడుతుంది. అడవిలో అయితే అలా కొట్టొచ్చినట్టు కనపడే పిల్లని డేగో నక్కో ముందుగా తన్నుకుపోయే ప్రమాదం ఎక్కువ. పంజరంలో అదే పిల్లకి రాజయోగం! యజమాని మురిసిపోయి, దాని సంతతిలోనే జతలు కట్టి, ఆ రంగుని నిలబెడతాడు.

ఎల్లో గోల్డెన్ అలా నిలబడిందే. 1950ల్లో ఇటలీలోని బొలోనాకు చెందిన ప్రొఫెసర్ అలెస్సాండ్రో గీజీ ఈ పసుపు వంశాన్ని స్థిరపరిచాడు. అందుకే దీన్ని 'గీజీ గోల్డెన్' అని కూడా అంటారు. చైనా అడవుల్లో పసుపు గోల్డెన్ల గుంపు ఎక్కడా లేదు. దానికి సొంతూరంటూ లేదు, ఉన్నదల్లా పంజరమే. మ్యుటేషన్‌కీ ఉపజాతికీ మధ్య అసలు తేడా ఇదే. ఉపజాతికి చిరునామా ఉంటుంది, మ్యుటేషన్‌కి ఉండదు.

తెల్ల నెమలిది కూడా ఇదే కథ. చాలామంది అనుకున్నట్టు అది వేరే దేశపు పక్షీ కాదు, అల్బినో కూడా కాదు. అల్బినో అయితే కళ్లు గులాబీరంగులో ఉండాలి. తెల్ల నెమలి కళ్లకు రంగుంటుంది, ఈకలకే ఉండదు. ఇక్కడ ఓ తమాషా ఉంది. నెమలి నీలం నిజానికి నీలిరంగు కాదు. ఈకలో సన్నటి మెలనిన్ కడ్డీలు వరుసగా పేర్చినట్టుంటాయి. వాటిమీద పడిన వెలుగే మనకి నీలంగా, పచ్చగా తిరిగొస్తుంది. పక్షుల ఈకల్లో ఈ వెలుగు మాయ సి.వి.రామన్‌ని కూడా ఆకట్టుకుంది. 1934లో ఆయన దీనిమీద ఓ పరిశోధన పత్రమే రాశారు. అందుకు ఆయన పరిశీలించిన పక్షి ఏదో తెలుసా? మన పాలపిట్ట!

శాస్త్రవేత్తలే బోల్తా పడ్డారు

రంగు చూసి జాతిని తేల్చేయడం మేడమీద బేరగాళ్ల పొరపాటే అనుకుంటే పొరపాటు. మహామహులే బోల్తా పడ్డారు. నెమళ్లలో రెక్కలు నల్లగా నిగనిగలాడే రకం ఒకటుంది. 1860లో ఇంగ్లిషు పక్షి శాస్త్రవేత్త ఫిలిప్ స్క్లేటర్ దాన్ని ఏకంగా కొత్త జాతిగా ప్రకటించి పేరు కూడా పెట్టేశాడు. చార్లెస్ డార్విన్‌కి మాత్రం అనుమానం వచ్చింది. ఇంగ్లండులో మామూలు నెమళ్లను పెంచుకుంటున్నవాళ్ల దొడ్లలోనే ఉన్నట్టుండి ఈ నల్లరెక్కల పిల్లలు పుట్టిన సంగతులు ఆయన పోగుచేశాడు. ఇది జాతి కాదు, మామూలు నెమలిలో హఠాత్తుగా వచ్చిన మార్పేనని 1868లో అచ్చయిన తన పుస్తకంలో వాదించాడు. చివరికి ఆయన మాటే నిలిచింది. ఆయనకు ఆధారమైంది ఎవరు? నెమళ్లను సరదాగా పెంచుకుంటూ, ఏ జతకి ఏ పిల్ల పుట్టిందో గుర్తుపెట్టుకున్న పెంపకందార్లు!

డేగ రంగు... అసీల్ జాతి

ఈ తేడా మన తెలుగు పల్లెలకు ఎప్పటినుంచో తెలుసు. గోదావరి, కృష్ణా జిల్లాల్లో పుంజుల్ని పెంచే పెద్దాయన్ని అడగండి. ఎర్రదాన్ని డేగ, నల్లదాన్ని కాకి, తెల్లదాన్ని సేతువు అంటారు. ఇక నెమలి, పర్ల, మైల, కౌజు, అబ్రాసు... ఈకల కలయికని బట్టి రంగుకో పేరు చెబుతారు. కాకి డేగ, కాకి నెమలి లాంటి జంట పేర్లూ ఉన్నాయి. పంచాంగంలా చూసుకునే కుక్కుట శాస్త్రం నడిచేదే ఈ రంగుల మీద. పందేలు చట్టరీత్యా నేరమే, అది వేరే సంగతి. కానీ ఆ పెద్దాయన 'డేగ జాతి వేరు, కాకి జాతి వేరు' అనడు. జాతి అసీల్, రంగు డేగ. రెండూ వేర్వేరు మాటలు. ఒకే తల్లి గుడ్లలోంచి డేగా రావచ్చు, కాకీ రావచ్చు.

మరి జాతి అంటే? జాతీయ పశు జన్యు వనరుల సంస్థ గుర్తించిన కోళ్ల జాబితాలో అసీల్‌తోపాటు మన ప్రాంతపు కాళాస్తి, డంకి, ఘాగస్ కూడా ఉన్నాయి. ఒడ్డూపొడవూ, ఎముక పుష్టి, నడక, స్వభావం... ఇవన్నీ కలిస్తేనే జాతి. రంగు వాటిలో ఒకటి మాత్రమే.

అసలీ కోళ్లన్నిటికీ మూలపురుషుడెవరు? ఎర్ర అడవికోడి. అందులోనూ ఉపజాతులున్నాయి. 2020లో శాస్త్రవేత్తలు 863 పక్షుల జన్యువుల్ని చదివి చూస్తే, పెంపుడు కోడికి ప్రధాన మూలం నైరుతి చైనా, ఉత్తర థాయ్‌లాండ్, మయన్మార్ ప్రాంతాల్లో ఉండే ఉపజాతి అని తేలింది. మన దేశపు అడవికోడి రక్తం ఆ తరవాత వచ్చి కలిసింది. చాలా కోళ్లకు కనిపించే పసుపుపచ్చ కాళ్లు మాత్రం దక్షిణ భారతంలోని బూడిదరంగు అడవికోడి ఇచ్చిన కానుక. 2008లో ఈ గుట్టు బయటపడింది. అంటే మన పెరటి కోడి కాళ్లలోనే ఓ దక్షిణాది అడవి దాగుంది!

తల్లి చేతిలో గుట్టు

రంగు ఒక తరంలో మాయమై మరో తరంలో ఎందుకు తేలుతుంది? బడ్జీలనే తీసుకుందాం. వాటి సహజ రంగు ఆకుపచ్చ. నీలం బడ్జీని స్వచ్ఛమైన ఆకుపచ్చదానితో జత కడితే పిల్లలన్నీ ఆకుపచ్చే. 'అయ్యో, నీలం పోయింది' అని యజమాని నిరాశపడతాడు. పోలేదు, దాక్కుంది. ఆ పిల్లల్లో రెండిటిని జత కడితే సగటున నాలుగింట ఒకటి నీలంగా పుడుతుంది. పెంపకందార్లు ఇలా గుట్టుగా రంగుని మోసే పక్షిని 'స్ప్లిట్' అంటారు. ఎర్ర గోల్డెన్ కడుపున పసుపు పిల్ల పుట్టే రహస్యమూ ఇదే.

ఇంకో వింత ఉంది. ఎర్ర కళ్లతో ఒళ్లంతా పసుపుగా ఉండే బడ్జీని 'లుటినో' అంటారు. లుటినో పుంజుని ఆకుపచ్చ పెట్టతో కలిపితే ఆడపిల్లలన్నీ పసుపు, మగపిల్లలన్నీ ఆకుపచ్చ! జత తిరగేసి ఆకుపచ్చ పుంజుకి లుటినో పెట్టనిస్తే అన్నీ ఆకుపచ్చే. నెమళ్లలో 'కామియో' అనే లేత గోధుమరంగు మ్యుటేషన్ కూడా ఇలాగే నడుస్తుంది. కారణం... మనుషుల్లో పుట్టేది ఆడో మగో తేలేది తండ్రి క్రోమోజోమును బట్టి. పక్షుల్లో, పాముల్లో తల్లిని బట్టి. మగపక్షికి రెండూ జెడ్ క్రోమోజోములే. ఆడపక్షికి ఒకటి జెడ్, ఒకటి డబ్ల్యూ. ఈ రంగు జెడ్ మీద కూర్చుంటుంది. కూతురికి వచ్చే జెడ్ ఒక్కటే, అదీ తండ్రిదే. దాన్ని కప్పిపెట్టడానికి రెండోది లేదు కాబట్టి రంగు బయటపడిపోతుంది.

ఈ డబ్ల్యూ క్రోమోజోముకీ మన ఉప్పల్ రోడ్డుకీ ఓ బంధం ఉంది. భారతీయ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కి ఆద్యుడిగా పేరున్న లాల్జీ సింగ్ పరిశోధన మొదలైంది పాములతోనే. పసుపు, నలుపు పట్టీలుండే కట్లపాము ఆడదాని డబ్ల్యూ క్రోమోజోములో పదేపదే వచ్చే ఓ డీఎన్ఏ ముక్క ఆయనకు దొరికింది. ఆ పాము శాస్త్రీయ నామం 'బంగారస్'... అది మన తెలుగు 'బంగారు' నుంచి వెళ్లిందే! ఆ ముక్క ఆధారంగానే ఆయన 1988లో సీసీఎంబీలో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతిని తయారుచేశారు.

ఉప్పల్ రోడ్డు పాఠం

హబ్సిగూడ దగ్గర ఉప్పల్ రోడ్డు మీద కనిపించే సీసీఎంబీ ప్రాంగణాన్ని 1987 నవంబరులో జాతికి అంకితం చేశారు. డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కోసం ప్రత్యేకంగా వెలసిన సీడీఎఫ్‌డీ ఒకప్పుడు నాచారంలోనే పనిచేసింది. ఇప్పుడు ఉప్పల్‌లో సొంత ప్రాంగణంలో ఉంది. ఇవి పెంపుడు పక్షులకు పరీక్షలు చేసిపెట్టే దుకాణాలు కావు. కానీ ఇక్కడ పుట్టిన శాస్త్రం పక్షి ప్రేమికులకు పెద్ద పాఠమే చెబుతుంది.

2003లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ ఓ పద్ధతి ప్రకటించారు. చిన్న మాంసం ముక్కో, ఎండిన చర్మం పీలికో దొరికినా అది ఏ జంతువుదో చెప్పేయొచ్చు. రంగూ రూపూ ఏమీ మిగలకపోయినా ఫరవాలేదు. వేటగాళ్ల దగ్గర పట్టుబడ్డ మాంసం కోడిదో నెమలిదో కోర్టులో తేల్చడానికి ఇలాంటి పరీక్షలే ఆధారం. ఇది కణంలోని మైటోకాండ్రియా డీఎన్ఏను చదువుతుంది.

అయితే ఇక్కడే ఓ కిటుకుంది. మైటోకాండ్రియా వచ్చేది తల్లి నుంచే. గోల్డెన్ పెట్టకీ ఆమ్‌హర్స్ట్ పుంజుకీ పుట్టిన సంకరం పిల్లని ఈ ఒక్క పరీక్షతో చూస్తే 'గోల్డెన్' అనే వస్తుంది. తండ్రి సంగతి తేలాలంటే మిగతా డీఎన్ఏను కూడా చదవాలి. ఈ రెండు జాతులకీ పుట్టిన పిల్లలు గొడ్డుబోవు, మళ్లీ పిల్లల్ని కంటాయి. మొదటి తరం కళ్లు చెదిరేంత అందంగా ఉంటుంది. వాటిని మళ్లీ ఆమ్‌హర్స్ట్‌తోనే రెండుమూడు తరాలు కలిపితే చూడ్డానికి అచ్చం ఆమ్‌హర్స్ట్‌లాగే తయారవుతాయి. లోపల మాత్రం గోల్డెన్ రక్తం అలాగే ఉంటుంది. పాలల్లో కలిపిన నీళ్లని మళ్లీ వేరు చేయగలమా? ఇదీ అంతే.

ఒక సరదా... ఒక జాతి ప్రాణం

'అయితే ఏమైంది? అందంగానే ఉందిగా!' అనిపించవచ్చు. వియత్నాం అడవుల కథ వింటే అలా అనలేం.

అక్కడ నీలినలుపు ఒంటితో, తెల్లటి జుట్టుతో ఎడ్వర్డ్స్ ఫెజెంట్ ఉండేది. 1920ల్లో ఫ్రెంచి పక్షి శాస్త్రవేత్త జాన్ డెలాకూర్ కొన్నిటిని పట్టి ఫ్రాన్స్‌కి తీసుకెళ్లి పిల్లలు చేయించాడు. అవే తరవాత యూరప్ పెంపకందార్ల ఇళ్లకు చేరాయి. ఇక్కడ యుద్ధం, అడవుల నరికివేత, ఉచ్చులు. 2000 తరవాత అడవిలో ఆ పక్షి కచ్చితంగా కనిపించిన దాఖలా లేదు. నేడు ప్రపంచంలో కచ్చితంగా ఉన్నాయని చెప్పగలిగిన ఎడ్వర్డ్స్ ఫెజెంట్లన్నీ జూల్లో, పెంపకందార్ల దగ్గర ఉన్నవే!

ఆ పక్షి చుట్టూ ఎన్ని పొరపాట్లు జరిగాయో చూడండి. 1923లో డెలాకూర్‌కి ఓ ముదురు నీలం జత దొరికింది. 'ఇంపీరియల్ ఫెజెంట్' అని కొత్త జాతిగా పేరు పెట్టాడు. దాదాపు 80 ఏళ్ల తరవాత, 2003లో తేలిందేమిటంటే అది జాతే కాదు, సిల్వర్‌కీ ఎడ్వర్డ్స్‌కీ పుట్టిన సంకరం. 1975లో తోకలో తెల్ల ఈకలున్న మరో పక్షికి 'వియత్నామీస్ ఫెజెంట్' అని కొత్త జాతి హోదా ఇచ్చారు. 2012లో అదీ ఎడ్వర్డ్సే అని తేలింది. గుంపు చిన్నదై, దగ్గరి రక్తసంబంధాల్లోనే పిల్లలు పుట్టడంతో దాగిన రంగు పైకొచ్చిందంతే. ఇంకోవైపు పెంపకంలో ఉన్న కొన్ని ఎడ్వర్డ్స్‌లో తైవాన్‌కి చెందిన స్విన్‌హో ఫెజెంట్ రక్తం కలిసిందని డీఎన్ఏ పరీక్షల్లో బయటపడింది. ఎప్పుడో, ఎక్కడో ఎవరో సరదాకి కట్టిన జత! ఇప్పుడు ఆ జాతిని మళ్లీ అడవికి పంపాలనుకునేవాళ్లు ఏ పక్షిలో కల్తీ ఉందో ఒక్కొక్కటిగా ఏరుకోవాల్సి వస్తోంది.

సరదాయే ప్రాణం పోసిన కథ కూడా ఉంది. అది మన దేశపు పక్షిదే. 1960 ప్రాంతంలో అమెరికాకి చెందిన గార్డినర్ బంప్ ఉత్తర భారతం నుంచి ఎర్ర అడవికోళ్లను తీసుకెళ్లాడు. అక్కడి అడవుల్లో వేట పక్షులుగా వదలాలని ఆలోచన. ఆ ప్రయత్నం ఫలించలేదు. కానీ వాటి సంతతిలో కొన్నిటిని అలబామాకి చెందిన ఐజాక్ రిచర్డ్‌సన్ అనే పెంపకందారు చేరదీశాడు. పెరటి కోళ్లతో కలవనివ్వకుండా దశాబ్దాలపాటు వేరుగా పెంచాడు. ఈలోగా ఆసియా అడవుల అంచుల్లోని అడవికోళ్లు ఊరికోళ్లతో కలిసి మారిపోతూ వచ్చాయి. లెర్ బ్రిస్బిన్ అనే శాస్త్రవేత్త కంటపడేనాటికి ఆ పెరటి గుంపు ఎంతో విలువైనదిగా తేలింది. పెట్టకు తలమీద చెప్పుకోదగ్గ జుట్టు లేకపోవడం, జతకట్టే కాలం అయిపోగానే పుంజు మెడమీది బంగారు ఈకలు రాలి నల్లటి ఈకలు రావడం... అచ్చమైన అడవికోడి లక్షణాలన్నీ వాటిలో నిలిచి ఉన్నాయి. రిచర్డ్‌సన్ చేసిన ఘనకార్యం ఏంటంటే... కలపకుండా ఉండటం. అంతే!

కొనేముందు ఓ మాట

ఫెజెంట్ మీద మనసు పడితే ముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. వెలిసిన రంగుని అరుదైన రంగు అనుకోకండి. నేరుగా ఎండ తగిలే చోట ఉంచితే గోల్డెన్ పుంజు ఈకలు పాలిపోతాయి. ఈకలు రాలి కొత్తవి వచ్చాక మళ్లీ ఎర్రబడితే అది మ్యుటేషన్ కాదు, మే నెల ఎండ! వయసు కూడా మోసం చేస్తుంది. గోల్డెన్, సిల్వర్ పుంజులకు నిండు రంగులు రెండో ఏడులోగానీ రావు. మొదటి ఏడు పుంజుని చూసి పెట్ట అనుకుని కొనేవాళ్లున్నారు. ఆమ్‌హర్స్ట్ కొంటుంటే కాళ్లు చూడండి. స్వచ్ఛమైనదైతే నీలిబూడిద రంగులో ఉండాలి, ఎర్రజుట్టు తల వెనక వైపే ఉండాలి. కాళ్లు పచ్చబడినా, ఎరుపు నుదుటిదాకా పాకినా గోల్డెన్ రక్తం కలిసిందని అనుమానించాలి.

ఇవి కొండ అడవుల పక్షులు. హైదరాబాద్ వేసవికి నీడ, చల్లటి మట్టినేల, తోక విరగనంత చోటు కావాలి. చిలక పంజరం సరిపోదు. కోళ్లకు వచ్చే కొక్కెర తెగులు వీటికీ వస్తుంది కాబట్టి కొత్త పక్షిని కొన్నాళ్లు వేరుగా ఉంచాకే మిగతావాటిలో కలపాలి. గోల్డెన్ గుడ్లు 22, 23 రోజుల్లో పిల్లలవుతాయి. పెంపకంలో పెట్టలు సరిగా పొదగకపోతే ఆ పని నాటుకోడికి అప్పగించడం పాత అలవాటే. సవతి తల్లే అయినా అది తేడా చూపదు.

చట్టం సంగతి మరవొద్దు. నెమలి, అడవికోడి, హిమాలయాల మోనాల్, కాలిజ్... ఇవన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. ఇంట్లో పెంచడం నేరం. రామచిలక, మునియాలది కూడా ఇదే పరిస్థితి. రంగు మారినంత మాత్రాన చట్టం మారదు. మన రామచిలకకు పసుపు పిల్ల పుట్టినా అది రామచిలకే. విదేశీ జాతుల విషయానికొస్తే, అంతర్జాతీయ సైట్స్ ఒప్పందం పట్టికల్లో చేరి మన చట్టంలోకీ వచ్చినవాటిని నమోదు చేయించాలి. 2022 సవరణ తరవాత 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం వాటి పుట్టుక, చావు, చేతులు మారడం అన్నీ పరివేష్ పోర్టల్‌లో తెలియజేయాలి. కొనేముందు మీ పక్షి ఆ పట్టికలో ఉందో లేదో అటవీశాఖ వాళ్లను అడగడం మంచిది.

రూపాయి నోటుపుస్తకం

ఇంతకీ ఉప్పల్ మేడ మీదో, నాచారం పెరట్లోనో పక్షుల్ని పెంచుకునే మామూలు మనిషి చేయగలిగిందేంటి? పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఓ నోటుపుస్తకం చాలు. ఏ పక్షి ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నాం, దాని తల్లిదండ్రులేవి, ఎన్నో గుడ్డు ఎప్పుడు పిల్లయింది, కాలి రింగు మీద నంబరెంత, ఏ రంగు ఏ తరంలో తేలింది... రాసిపెట్టుకుంటే అదే వంశవృక్షం. అన్నాచెల్లెళ్లకే జత కట్టే పొరపాటు తప్పుతుంది. గోల్డెన్‌ని గోల్డెన్‌తో, ఆమ్‌హర్స్ట్‌ని ఆమ్‌హర్స్ట్‌తో ఉంచుతాం. పసుపు రంగు ముచ్చటైతే పసుపు వంశాన్నే వేరుగా పెంచుకుంటాం. అమ్మేటప్పుడు 'ఇది స్ప్లిట్, ఇది సంకరం' అని నిజం చెప్పగలుగుతాం. కొన్నవాళ్లు ఆ నిజాన్ని ముందుకు తీసుకెళతారు.

పిల్లలున్న ఇంట్లో అయితే ఆ పుస్తకం రాసే పని వాళ్లకే అప్పగించవచ్చు. బళ్లో మెండెల్ సూత్రాలు బట్టీపట్టే పిల్లలకు, నాలుగు ఆకుపచ్చ పిల్లల మధ్య ఓ నీలం పిల్ల కళ్లు తెరిచిన రోజున ఆ పాఠం జన్మలో మరిచిపోలేనిదవుతుంది.

డార్విన్‌కి నల్లరెక్కల నెమలి గుట్టు చెప్పింది ఇలాంటి జ్ఞాపకాలే. ఎడ్వర్డ్స్ ఫెజెంట్ విషయంలో ఎక్కడో ఓ చోట లేకపోయింది ఇలాంటి పుస్తకమే. పక్షి రంగు అందరికీ కనిపిస్తుంది. దాని పుట్టుక మాత్రం రాసి పెట్టినవాళ్లకే కనిపిస్తుంది.